ఇంటర్వెల్ లేని హాస్యచిత్రం

వెండితెర మీద హీరోగారు ఒంటిచేత్తో వందమందిని చావగొడతారు. మనం ఈలలేసి, కాగితాలు ఎగరేసి, గొంతు బొంగురుపోయేలా అరిచి ఇంటికొస్తాం. బాగానే ఉంది. అదే హీరోగారిని పొద్దున్న ఆరున్నరకి, ఒకే ఒక్క బాత్రూం ఉన్న ఇంట్లో, భుజాన తువ్వాలు వేసి నిలబెట్టి చూడండి! లోపల మావగారు దండకం చదువుకుంటూ తీరిగ్గా స్నానం చేస్తుంటారు. నీళ్ళ చప్పుడు ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలవుతుంది. తలుపు కొట్టడానికి లేదు, ఊరుకోడానికీ లేదు. వందమందిని కొట్టడం తేలిక. ఆ తలుపు కొట్టడమే కష్టం!

అందుకే నేనంటాను, తెలుగు సినిమాలో అసలు సాహసవంతులు ఇంటి కథలు తీసినవాళ్ళే అని. ఫైటుకి ఫైటుమాస్టరుంటాడు. పాటకి డ్యాన్సుమాస్టరుంటాడు. చల్లారిపోయిన కాఫీ మీద మొగుడూ పెళ్ళాలకి వచ్చే పేచీకి మాస్టరెవరూ ఉండరు. రచయిత ఏదో ఒక ఇంట్లో మసిలి, విని, నవ్వు ఆపుకుని రాసుకోవాల్సిందే.

ఈ సంగతి చెప్పేముందు మా ఇంటి తారాగణాన్ని పరిచయం చేయనివ్వండి.

తారాగణం

మాది హైదరాబాదు, చిక్కడపల్లి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకి నడిచి వెళ్ళేంత దూరం. కొత్త సినిమా విడుదలైన రోజు టపాకాయల మోత మా వంటింట్లోకి వినబడుతుంది. రెండు గదులు, ఒక హాలు, ఐదుగురు మనుషులు.

నాన్న కరెంటాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ, ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతుంటే ఆయనకి నిద్రలో కూడా తెలిసిపోతుంది. "డెబ్భై ఐదు వాట్ల ఫ్యాను పదమూడు గంటలు తిరిగితే ఒక యూనిట్టురా! రెండువేల వాట్ల గీజరు అరగంటలో ఆ యూనిట్టు మింగేస్తుంది!" అని లెక్క చెబుతారు. లెక్క తప్పని మేమెవ్వరం అనలేం. అందుకే మరీ ఒళ్ళుమండుతుంది.

అమ్మ రాజ్యం ఫ్రిజ్జు. అందులో ఐస్‌క్రీం డబ్బా ఉంటుంది. ఆశగా మూత తీస్తే కరివేపాకు! ఇంకో డబ్బా తీస్తే నిన్నటి ఇడ్లీపిండి! బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం. ప్లాస్టిక్ కవర్లన్నిటినీ దాచడానికి ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు. మా ఇంట్లో ఏ డబ్బా మీదా ఉన్న పేరుకి లోపలున్న సరుకుకి సంబంధం ఉండదు. ఇంతకంటే సస్పెన్సు ఏ సినిమాలో ఉంది చెప్పండి!

మా ఆవిడ ఉద్యోగస్తురాలు. ఆవిడకి ఫ్యాను ఐదులో తిరగాలి, నాన్నకి రెండులో. రెగ్యులేటరు మీద అంకెలు అరిగిపోయాయి గానీ ఒప్పందం మాత్రం కుదరలేదు. ఇక ఐదేళ్ళ మా అమ్మాయి. బొమ్మల ఛానెల్ తప్ప ప్రపంచంలో వేరే ఛానెల్ ఉండకూడదన్నది దాని సిద్ధాంతం.

నేను ఈ అందరి మధ్యా గెస్టు ఆర్టిస్టుని. సినిమాల గురించి రాసి బతుకుతాను. "వీడు ఇంట్లో కూర్చుని చేసేది పనేనా?" అని పక్కింటి పిన్నిగారి అనుమానం. రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్ళు పట్టే డ్యూటీ అందుకే నాకు పడింది.

మీ ఇంట్లోనూ తారల పేర్లు మారతాయేమో గానీ, కథ ఇదే కదూ?

విజయావారి వంటిల్లు

ఈ కథకి వెండితెర మీద పెద్దపీట వేసినవారు విజయావారు. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'నే తీసుకోండి. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. ఎన్టీ రామారావు, అక్కినేని ఇద్దరూ ఉన్నారు. పౌరాణికాల్లో కిరీటం పెట్టుకున్న రామారావు ఇక్కడ నిక్కరు వేసుకుని రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బాడు! ఆ నిక్కరుకి జనం కిరీటానికి పట్టినంత నీరాజనమూ పట్టారు. పైగా సినిమా పేరు ఆ ఇద్దరు హీరోలది కాదు, గయ్యాళి గుండమ్మది. ఎందుకంటే ఇల్లు గుండమ్మది.

ఆ గుండమ్మ సూర్యకాంతం. 1924లో పుట్టి 1994లో కన్నుమూసిన ఆ మహానటి గొంతు విని పెళ్ళికాని ఆడపిల్లలు కాబోయే అత్తగారిని తలచుకుని బెదిరిపోయేవారు. అదే సూర్యకాంతం ఇంటినుంచి రకరకాల వంటలు తెచ్చి సెట్టులో అందరికీ కొసరి కొసరి పెట్టేవారని ఆవిడతో పనిచేసినవాళ్ళు ముచ్చటగా చెప్పుకునేవారు. తిట్టే నోరూ, పెట్టే చెయ్యీ ఒకే మనిషివి! మన ఇళ్ళ గుట్టంతా ఇందులోనే ఉంది.

అంతకు ముందు 1955లో 'మిస్సమ్మ' వచ్చింది. ఎల్వీ ప్రసాద్ దర్శకత్వం. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధం చెప్పి జమీందారు గారింట చేరతారు రామారావు, సావిత్రి. ఇద్దరికీ క్షణం పడదు. చీటికీ మాటికీ పేచీ, అలక. గుట్టు రట్టు కావాల్సింది నిజానికి ఆ పోట్లాటల వల్లే. కానీ జరిగిందేమిటి? ఎస్వీ రంగారావు, ఋష్యేంద్రమణి ఆ పోట్లాటలు చూసి కాపురమన్నాక ఇవన్నీ మామూలే అన్నట్టు మురిసిపోతారు. వాళ్ళిద్దరూ మర్యాదగా "తమరు దయచేయండి" అంటే "తమరు దయచేయండి" అనుకుంటూ ఉంటే మాత్రం మొదటిరోజే దొరికిపోయి ఉండేవారు!

ఈ చమత్కారాన్ని కాస్త గుర్తు పెట్టుకోండి. తర్వాత దీనితో పని ఉంది.

సుత్తి కూడా ఒక సుఖమే

విజయావారి తర్వాత ఆ వంటింటి తాళంచెవి జంధ్యాల చేతికొచ్చింది. 1981లో 'ముద్ద మందారం'తో దర్శకుడైన ఆయన, 1982లో 'నాలుగు స్తంభాలాట' తీస్తే, అందులోని సుత్తి ఇద్దరు నటులకి ఇంటిపేరయి కూర్చుంది. సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు! మన ఇంటికొచ్చి కుర్చీకి అతుక్కుపోయి గంటలకొద్దీ మాట్లాడే పెద్దమనిషికి అప్పటిదాకా సరైన పేరు లేదు. జంధ్యాల పేరు పెట్టాడు. పేరు దొరికాక ఆ బాధలో సగం నవ్వయిపోయింది.

1984లో 'శ్రీవారికి ప్రేమలేఖ'. పొత్తూరి విజయలక్ష్మి నవల ఆధారం. అందులో శ్రీలక్ష్మి సినిమా పిచ్చి ఇల్లాలు. చూసొచ్చిన సినిమా కథ చెప్పడం మొదలెడితే కథ దగ్గర్నుంచి కాదు, టైటిల్స్ దగ్గర్నుంచి చెబుతుంది! వినేవాడి గతి ఆ దేవుడికే ఎరుక. నవ్వకండి, మనలో చాలామందిమి ఆ తల్లి బిడ్డలమే. నిన్న చూసిన సినిమా గురించి మీరు మీ అక్కయ్యకి ఎంతసేపు చెప్పారో ఒకసారి గుర్తు చేసుకోండి.

1987లో 'అహ నా పెళ్లంట'. ఆదివిష్ణు రాసిన 'సత్యంగారి ఇల్లు' నవల దానికి మూలం. చూశారా, అక్కడా ఇల్లే! పిసినారి కోట శ్రీనివాసరావు పైనుంచి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తింటుంటే హాలు దద్దరిల్లింది. ఎందుకూ? అంత పిసినారి మన ఇంట్లో లేడు గానీ, టూత్‌పేస్టు ట్యూబుని కోసి లోపలంతా గీకే పెద్దాయన ప్రతి ఇంట్లోనూ ఉన్నాడు. మనం తెర మీద లక్ష్మీపతిని చూసి నవ్వుతున్నామనుకుంటాం. నవ్వేది మాత్రం మన ఇంటి ట్యూబుని తలచుకునే!

మా తరానికి ఆ ముచ్చట 'అమృతం' తీర్చింది. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రి ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చునేవాళ్ళం. అప్పాజీ లాంటి ఇంటి ఓనరు, ఆంజనేయులు లాంటి స్నేహితుడు, అమృతరావు లాంటి అయోమయం. నవ్వు కంటే పెద్ద సంగతి ఏమిటంటే, నాన్న నవ్వుతున్నప్పుడు మేము ఆయన మొహం చూసేవాళ్ళం. ఆ అరగంటా ఆయన యూనిట్ల లెక్క మరిచిపోయేవారు!

నవ్వు ఎవరి ఖర్చు మీద?

ఇక్కడ ఒక్క మాట అనకపోతే అన్యాయమవుతుంది. ఇంటి హాస్యం పేరుతో మన సినిమాల్లో ఒక పాత అలవాటు ఉంది. ఎప్పుడూ భార్యే సుత్తి, అత్తే రాక్షసి, భర్త పాపం నోరులేని జీవి! 2019లో వచ్చిన 'ఎఫ్ 2' పేరులోనే ఫ్రస్ట్రేషన్ పెట్టి ఆ అలవాటుతో కావలసినన్ని కాసులు రాలగొట్టింది. నేనూ నవ్వాను. మా ఆవిడ కూడా నవ్వింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "గ్యాసు ఇవాళో రేపో అయిపోతుంది, చూశారా?" అని అడిగింది. నేను చూడలేదు. పధ్నాలుగు కిలోల రెండువందల గ్రాముల సిలిండరు ఎప్పుడు తెచ్చారో, ఎప్పుడు నిండుకుంటుందో తెలిసిన మనిషికి ఫ్రస్ట్రేషన్ ఎక్కువా, సినిమా చూసి నవ్వినవాడికి ఎక్కువా?

ఈ ప్రశ్నని బాపు 1993లోనే అడిగాడు, 'మిస్టర్ పెళ్ళాం'లో. ఉద్యోగం పోయిన రాజేంద్రప్రసాద్ ఇంటిపట్టున ఉండిపోతే, ఆమని ఉద్యోగానికి వెళుతుంది. వంటిల్లు మగాడి చేతికొచ్చాక తెలిసింది, అక్కడ ఆదివారం సెలవు ఉండదని! ఉపన్యాసం లేదు, కన్నీటి వరద లేదు. నవ్విస్తూనే నెత్తిన ఒక మొట్టికాయ. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుందది.

కాబట్టి ఇంటి నవ్వుకి నాకు తెలిసిన నియమం ఒక్కటే. ఇవాళ నామీద నవ్వితే రేపు మీమీద. వంతులు తప్పకూడదు. ఒక్కరి మీదే రోజూ నవ్వితే అది హాస్యం కాదు, వెట్టిచాకిరీ.

మర్యాద వచ్చిపడిన రోజులు

రెండేళ్ళ క్రితం వానాకాలంలో నాన్నకి గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. వారం తర్వాత ఇంటికి తీసుకొచ్చాం. "ఆయన్ని కంగారు పెట్టకండి" అని డాక్టరుగారు మరీ మరీ చెప్పి పంపారు. మేము ఆ మాటని శాసనంలా పట్టుకున్నాం.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మర్యాద మొదలైంది. అన్ని గదుల్లోనూ ఫ్యాను రెండులోనే. ఖాళీ గదిలో లైటు వెలిగితే ఒట్టు. పేపరు మడత నలక్కుండా ముందు ఆయన చేతికే. రిమోట్ ఆయన కుడిచేతి పక్కన, తుడిచి మరీ పెట్టేవాళ్ళం. మా ఆవిడ "అలాగే మావయ్యగారూ" తప్ప వేరే మాట అనేది కాదు. అమ్మ చప్పిడి కూర పెడితే ఆయన "బాగుంది" అనేవారు. ముప్ఫై అయిదేళ్ళుగా ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో అన్న మనిషి, అసలు ఉప్పే లేని కూరని బాగుందన్నారు!

టీవీ తనపాటికి తాను నడిచేది. దుప్పట్లు అమ్మే ప్రకటన అరగంట సాగినా ఆయన ఛానెల్ మార్చేవారు కాదు. రిమోట్ పెట్టినచోటే ఉండేది. ఇల్లు ఆసుపత్రి కంటే నిశ్శబ్దంగా ఉండేది.

ఒకరోజు పొద్దున్న అమ్మ వంటింట్లో నన్ను ఆపి, గొంతు తగ్గించి చెప్పింది. "రాత్రి నిద్రపట్టక లేచి కూర్చున్నార్రా. వీళ్ళంతా నన్నెందుకే చుట్టాన్ని చేశారు? అని అడిగారు."

నాకు నోట మాట రాలేదు. చుట్టానికే కదా మనం ఎదురు చెప్పనిది. చుట్టం ముందే కదా మనం గొంతు పెంచనిది. ఇంటి మనిషి హక్కేమిటి మరి? ఫ్యాను విషయంలో ఓడిపోయే హక్కు, ఓడినా రేపు మళ్ళీ అదే పేచీ పెట్టుకునే హక్కు. మేము ప్రేమతో ఆయన దగ్గర ఆ హక్కే లాగేసుకున్నాం.

చిక్కుముడిని విప్పింది మేమెవరం కాదు. మా అమ్మాయికి ఈ శాసనం సంగతి తెలియదు. ఒక ఆదివారం అది తాతగారి పక్కనుంచి రిమోట్ లాక్కుని బొమ్మల ఛానెల్ పెట్టేసింది. ఆయన ఒక్క క్షణం దాన్ని చూశారు. రిమోట్ తిరిగి లాక్కుని వార్తలు పెట్టారు. అది చెయ్యి పట్టుకుని వేలాడింది. ఆయన రిమోట్ వెనక్కి దాచారు. "తాతా, నువ్వు చీటింగ్!" అని అది గీపెట్టింది. "మరి నువ్వో?" అని ఆయనా అరిచారు. మేమంతా గదుల్లోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మాల్లో నిలబడిపోయాం. ఆయన మమ్మల్ని చూసి, మా వెనకాల గదిలోకి చూసి, "ఆ గదిలో ఫ్యాను ఎవరికోసం తిరుగుతోంది?" అన్నారు. పాత కరెంటాఫీసు గొంతు!

"అంత గట్టిగా అరవకండి, గుండెకి మంచిది కాదు!" అని వంటింట్లోంచి అమ్మ ఆయనకంటే గట్టిగా అరిచింది.

డాక్టరుగారి మాట కాదనడం లేదండోయ్. మందులు తప్పలేదు, ఉప్పు తగ్గింది, సాయంత్రం నడక సాగుతోంది. కంగారు పెట్టడం వేరు, కబుర్లాడటం వేరు. మా ఇంట్లో కబుర్లన్నీ పేచీ వేషంలో వస్తాయి, అంతే. 'మిస్సమ్మ'లో జమీందారు దంపతులు పట్టేసిన రహస్యం అదే కదా! పోట్లాడుకుంటున్నారంటే వీళ్ళు ఒక ఇంటివాళ్ళే అని.

గదికొక థియేటరు

ఇప్పుడు మన ఇళ్ళలో పేచీలు తగ్గాయి. సంతోషించాల్సిన సంగతేనా? మనిషికొక ఫోను, చెవికొక యంత్రం, గదికొక థియేటరు. 2020లో 'మిడిల్ క్లాస్ మెలోడీస్' నేరుగా ఓటీటీలో వచ్చింది. గుంటూరు కథ. కొడుకుతో మాట్లాడాలంటే కేకలే తప్ప వేరే దారి తెలియని తండ్రిగా గోపరాజు రమణ అదరగొట్టారు. ఆ కేకల వెనక ఉన్న మమకారం చూసి నేను కడుపుబ్బా నవ్వాను, కాస్త కళ్ళూ తుడుచుకున్నాను. ఎక్కడ చూశాననుకున్నారు? నా గదిలో, నా ఫోనులో, ఒక్కణ్ణే. అవతల హాల్లో అచ్చం అలాంటి నాన్న ఒక్కరే కూర్చున్నారు!

1987లో వచ్చిన 'సంసారం ఒక చదరంగం' గుర్తుందా? మీ అమ్మానాన్నల్ని అడగండి. డబ్బు దగ్గర మాటా మాటా పెరిగి, తండ్రి గొల్లపూడి ఇంటి మధ్యలో గీత గీస్తాడు. ఆ గీత చూసి హాల్లో ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. చివరికి అందరూ ఒక్కటయ్యాక కూడా పెద్దకోడలు సుహాసిని కాస్త దూరంగా ఉండి ప్రేమగా ఉందామనే అంటుంది. అదీ న్యాయమే. ఒకే కప్పు కింద ఉండి తీరాలని నేనూ అనను. ఉద్యోగాలు, చదువులు, ఊళ్ళు, దేశాలు మారతాయి. కానీ ఆ సినిమాలో గీత కళ్ళకి కనబడింది కాబట్టి దాన్ని చెరపడానికి ఒకరు పూనుకున్నారు. మన ఇళ్ళలో గీతలు కనబడవు. తలుపులు తీసే ఉంటాయి, ఎవరి తెర ముందు వాళ్ళుంటాం.

అయినా నాకు దిగులు లేదు. 2024లో వచ్చిన 'నైంటీస్' అనే చిన్న సిరీస్‌ని మన కుర్రకారు ఎంత నెత్తిన పెట్టుకున్నారో చూశాంగా! లెక్కల మాస్టారు నాన్న, ముగ్గురు పిల్లలు, అమ్మ, చాలీచాలని జీతం. ఫైటు లేదు, విలన్ లేడు. మన తాతల్ని గుండమ్మ నవ్వించినట్టే మనల్ని ఆ ఇల్లు నవ్వించింది. సరుకు పాతదే, డబ్బా కొత్తది. మా అమ్మ ఫ్రిజ్జు లాగానే!

కాబట్టి సినీప్రియులారా, ఈ ఆదివారానికి ఒక చిన్న పని. మీ ఫోన్లో చూడాలనుకున్న సినిమాని ఇంట్లో టీవీకి తగిలించి, అందరినీ పిలవండి. మొదటి పావుగంట ఏ సినిమా చూడాలన్న దాని మీద పేచీ జరుగుతుంది. తర్వాత సౌండు ఎక్కువైందని ఒకరు, వినబడటం లేదని ఒకరు. మంచి సీను వచ్చేసరికి అమ్మ మిక్సీ వేస్తుంది. నాన్నగారు హీరోయిన్ తండ్రి వేషం వేసిందెవరని అడిగి, మీరు చెప్పిన పేరు కాదని వాదిస్తారు. కథ సగం అర్థం కాదు.

ఆ సగం సోమవారం ఒక్కళ్ళే చూసుకోవచ్చు. ఆదివారం జరిగింది మాత్రం ఏ ఓటీటీలోనూ దొరకదు.